నీళ్లు ముట్టదు, నూనె తాగుతుంది

కెగ్వారా,
ఫిబ్రవరి 6

అక్కా,

ఇక్కడ అందరం క్షేమమని రాయడం మర్యాద. కానీ పాయ మీద పైపు పగిలి కారిన నల్ల తెట్టు ఇంకా తేలుతూనే ఉంది కాబట్టి ఆ అబద్ధం నా చేత రాయించకు. ఫోను ఎందుకు చేయడు వీడు అని అడిగావట. కిందటి వానలకు పడిపోయిన టవరు పడే ఉంది. అది నిలబడినా నేను చేయను. అవతల ఎవడు వింటున్నాడో ఎవడికి తెలుసు? కాగితం మనది, మోసేది వ్యాను డ్రైవరు ఫ్రైడే, వాడికి చదువు రాదు. ఇంతకంటే భద్రమైన తపాలా నైజీరియాలో లేదు.

నిన్న మీ యూనివర్సిటీ వాళ్లు వచ్చారు. రెండు వందల స్పాంజిలు, తాళం వేసే ఇనప్పెట్టె ఒకటి ఇచ్చారు. నేను ఎగిరాను. "పైపు పగలనిచ్చింది కంపెనీ, తుడిచేది మేమా?" అని ఊరందరి ముందూ అడిగేశాను. వచ్చినవాళ్లలో పెద్దాయన, బట్టతల, బురదలోకి తెల్ల బూట్లు వేసుకొచ్చిన మనిషి, "ముందు చూడు బాబూ, తరవాత తిట్టు" అన్నాడు.

చూశాను. వంకాయ రంగు పొడి పట్టించిన స్పాంజి. నీళ్లు పోస్తే చేమాకు మీద పోసినట్టు ఉండలై దొర్లిపోయాయి. అదే స్పాంజిని తెట్టు మీద పెడితే గుటగుటా తాగేసింది. పిండితే నల్ల నూనె, అంతా నూనే, నీటి చుక్క లేదు. అక్కా, తిట్టడం మర్చిపోయాను. నేను!

ఇది తెల్లవాళ్ల దానం కాదు, మనవాళ్ల పని, అందులో నీ చెయ్యి కూడా ఉంది. అంటే ఇది ఆయుధం. లోపల ఏముందో నాకు అర్థమయ్యేట్టు రాయి, కరపత్రం వేస్తాను. పెట్టె తాళం నాకే ఇచ్చారు. "అరిచేవాడి చేతికి తాళం ఇస్తే అరుపు తగ్గుతుంది" అని ఊరిపెద్ద అన్నాడట. తగ్గదు.

అమ్మ కొత్త గానుగ నూనె సీసా పంపుతోంది. "బాలింతకి ఎర్ర నూనె పడకపోతే పాలెలా పడతాయి? పట్నం నూనెకి రంగే కానీ ప్రాణం ఉండదు" అంటోంది. నీ చంటిది లెయిరా బుగ్గలు నా తరఫున కొరుకు.

నీ తమ్ముడు,
డుమ్లే


పోర్ట్ హార్కోర్ట్,
ఫిబ్రవరి 19

ఒరేయ్ డుమ్లే,

బట్టతల, తెల్ల బూట్లు మా సారే. ఆయన నిన్ను మర్చిపోలేదు. "మీ తమ్ముడూ మన పొడిలాంటివాడేనమ్మా, ఏ మాటా అంటదు, జారిపోతుంది" అన్నారు. ల్యాబంతా నవ్వింది. నేనూ నవ్వాను.

అమ్మ నూనె అందింది. అరటికాయ కాల్చుకుని అద్దుకు తింటుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మీ బావకి కూడా పెట్టకుండా దాచాను.

ఇక నీ ప్రశ్న. ఇల్లు కట్టేటప్పుడు నిట్రాళ్లు పాతి దూలాలు వేస్తాం కదా. ఇందులో నిట్రాళ్లు కోబాల్ట్ అనే లోహపు అయాన్లు. దూలాలు కర్బనంతో చేసిన అణువులు. ఒక దూలం రెండు నిట్రాళ్లను పట్టుకుంటుంది, ఒక నిట్రాడు నాలుగు దూలాలను పట్టుకుంటుంది. అలా కోట్ల గదులు, అన్నీ ఖాళీ. చెంచాడు పొడిలోని గోడలన్నీ విప్పి పరిస్తే మన బడి మైదానం చాలదు. ఆ గోడలకు నీళ్లంటే గిట్టదు, నూనె అంటే ప్రాణం. వంకాయ రంగు కోబాల్ట్‌ది. అది ఆ గోడల్లో బందీగా ఉన్నంతసేపే మంచిది.

పాయ నీళ్లలో మూడు నెలలు నానబెట్టి చూశాం, చెక్కుచెదరలేదు.

(ఇక్కడొక వరుస కొట్టేశాను. పాప ఏడుపు మధ్య ఏదో రాశాను. ఎండకి అడ్డం పెట్టి చదవాలని చూడకు, నీ సంగతి నాకు తెలుసు.)

నియమాలు విను. చేతి తొడుగులు వేసుకోండి. పాయకి తప్ప ఇంకెక్కడా వాడకండి. పదిహేను రోజులకొకసారి వాడినవన్నీ గోనెలో వేసి ఫ్రైడేతో వెనక్కి పంపు, లెక్క రాసి పంపు.

నీ కరపత్రంలో నా పేరు వేస్తే తంతాను. కాన్పు సెలవు నుంచి వచ్చి నెలయింది, ఈ ఉద్యోగం నాకు కావాలి.

నెకాబారి


కెగ్వారా,
మార్చి 11

అక్కా,

ఎండకి అడ్డం పెట్టాను. కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేశావేం? 'పు' అన్న అక్షరం ఒక్కటే బతికింది. 'పురుషాధిపత్యం' అయి ఉంటుందని నా అనుమానం. బావ చదువుతాడని భయపడ్డావా?

కరపత్రం వచ్చేసింది! బోరిలో అచ్చు వేయించాను, ఐదు వందలు. ఒకటి జత చేస్తున్నాను కానీ నీ బద్ధకం నాకు తెలుసు కాబట్టి ముఖ్యమైనది ఇక్కడే రాస్తున్నా:

"అక్కలారా, అమ్మలారా! ఇది నూనె తాగుతుంది, నీళ్లు ముట్టదు. దీనికి డీజిలు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, దొర అక్కర్లేదు. మన బిడ్డలు మన మట్టి మీద చేసిన ఆయుధం ఇది. రేపు ఎవడైనా వచ్చి ఇది ప్రమాదం, వెనక్కి ఇచ్చేయండి అంటే, వాడు ఎంతటివాడైనా సరే, అమ్ముడుపోయినవాడని తెలుసుకోండి!"

చివరి వాక్యం ఎలా ఉంది? సంతలో బల్ల ఎక్కి చదివాను. చప్పట్లు! న్విబారి పెద్దమ్మ లేదూ, అమ్మతో పాటు గానుగ గుంటలో దిగే ఆవిడ, ఆవిడ మాత్రం చెయ్యెత్తి "ఏ నూనె రా?" అంది.

"నూనె అంటే నూనే పెద్దమ్మా!" అన్నాను.

"అది కాదురా. మన మాటలో పైపులో పారేదీ నూనే, కూరలో పడేదీ నూనే. నీ స్పాంజికి ఆ తేడా తెలుసా అని."

"తాగడానికి దానికి తేడా లేదు" అన్నాను. అందరూ నవ్వారు. అమ్మా, ఆవిడా ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఎందుకో నేను అడగలేదు.

పాయలో పని జోరుగా ఉంది. అడుగున ఇసక కనపడుతోంది, నత్తలు ఏరుకునేవాళ్లు మళ్లీ దిగారు. గోనె పంపాను. ఈసారి పామాయిల్ గెలలు బాగా వచ్చాయి, గానుగ పని కూడా త్వరగా తెములుతోంది. ముప్పై ఏళ్లలో మొదటిసారి అమ్మ పగటి పూట కూర్చుని కబుర్లు చెబుతుండగా చూశాను.

అమ్మ మళ్లీ నూనె సీసా పంపుతోంది, జాగ్రత్త, మూత వదులుగా ఉంది.

డుమ్లే


పోర్ట్ హార్కోర్ట్,
ఏప్రిల్ 1

డుమ్లే,

ముందు చిన్న సంగతి. అమ్మ ఈమధ్య పంపిన నూనె వారానికే కంపు కొడుతోంది. పాత రంగు డబ్బా మూత తీస్తే వస్తుందే, ఆ వాసన. రంగు కూడా ముదిరింది. అమ్మ నూనె ఆరు నెలలైనా చెక్కుచెదరదు కదా. పారబోయలేక వాడుతున్నాను. కుండలు మార్చిందేమో అడుగు.

ఇక పెద్ద సంగతి. రెండు వందలు ఇచ్చాం. నువ్వు పంపిన మూడు గోనెల్లో నూట ఇరవై వచ్చాయి. పాయలో ఇప్పుడు ఒక్కటీ లేదని గోనెతో పంపిన లెక్కలో నువ్వే రాశావు. మరి ఎనభై ఎక్కడ?

వచ్చిన నూట ఇరవైలో పదకొండు తెల్లగా ఉన్నాయి. మాసిపోలేదు, వెలిసిపోయాయి. వంకాయ రంగు ఆనవాలు కూడా లేదు. వాటికి నల్ల నూనె వాసన లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు ఇల్లు గుర్తొచ్చింది. ఎందుకు గుర్తొచ్చిందో అప్పటికప్పుడు తట్టలేదు.

ఆ పదకొండూ సారుకి చూపించలేదు. నా సొరుగులో పెట్టాను. నిజం రాయి. కోపం వద్దు, ఉపన్యాసం వద్దు.

నెకాబారి


కెగ్వారా,
ఏప్రిల్ 12

అక్కా,

ఎనభై ఎక్కడ! ఎనభై ఎక్కడ! కంపెనీ గుమాస్తా కూడా ఇంత దర్పంగా అడగడు. నీ చేతికి పట్నం గాలి సోకింది.

సరే, విను. దాచాల్సిన పని మేమేం చేయలేదు.

గానుగ గుంట నువ్వు మర్చిపోయి ఉంటావు. గెలలు మగ్గబెట్టి, ఉడకబెట్టి, తొక్కి, ఆ పిప్పి మీద నీళ్లు పోస్తే నూనె పైకి తేలుతుంది. ఆ వేడి నీళ్లలో తొడల దాకా దిగి, నడుం వంచి, దోసిలితో ఆ నూనెను తోడాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా. అమ్మ నడుం అలాగే వంగింది. నేను బల్ల మీద నిలబడి నూనె తాగుతుంది, నీళ్లు ముట్టదు అని అరిచిన మర్నాడే అమ్మా, న్విబారి పెద్దమ్మా పెట్టె దగ్గరకి వచ్చారు. "తాళం తియ్యరా. నువ్వు రాసిందే చేస్తాం" అన్నారు. నేను తీశాను. కొత్తవే ఇచ్చాను. పాయలో ముంచినవి ఒక్కటీ ఇవ్వలేదు, నేనేం వెర్రివాణ్ణి కాదు.

అక్కా, నువ్వు చూసి ఉండాల్సింది! గంటలో గుంట తేటపడింది. పొద్దంతా చేసే పని! న్విబారి పెద్దమ్మ ఒడ్డు మీద గెంతింది, ఆ వయసులో. "ఇన్నాళ్లూ చదువుకున్నవాళ్లు ఏం చేస్తున్నారే?" అంది. శ్రామిక స్త్రీ నడుం నిలబెట్టిన యంత్రం మీరు చేశారు, దాని ఉపయోగం కనిపెట్టింది మా అమ్మ. మీ సారుకి ఇది తట్టిందా?

మూడు ఊళ్ల వాళ్లు వచ్చి అడిగితే తలా ఇరవై ఇచ్చాను, కరపత్రాలతో సహా. రంగు పోయినవి అమ్మ వాళ్లు నీ గోనెలో పడేసి ఉంటారు. వాడే కొద్దీ తెల్లబడుతుంది. "స్పాంజి పండుతోంది" అంటారు మన ఆడవాళ్లు.

అమ్మకి కాళ్లు కాస్త వాచాయి. బావి నుంచి వచ్చేటప్పుడు రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటోంది. వయసు. ఇప్పుడు విశ్రాంతి దొరికింది కదా, తగ్గుతుంది.

కంపు సంగతి చెప్పాను. అమ్మ నొచ్చుకుంది. "మూత సరిగ్గా పెట్టి ఉండదు" అంది. అందుకే ఈసారి రెండు సీసాలు, బిగించి పంపింది.

డుమ్లే


పోర్ట్ హార్కోర్ట్, జనరల్ వార్డు,
ఏప్రిల్ 15

తమ్ముడూ,

టవరు లేదని తెలిసీ ఊరిపెద్ద ఫోనుకి పదిసార్లు చేశాను, అందలేదు. ఫ్రైడేని ఇవాళే బయల్దేరదీస్తున్నాను. ఇది చదవగానే గానుగ ఆపించు.

నేను కొట్టేసిన వాక్యం ఇది: "పులుపు తగిలితే గోడలు కూలిపోతాయి."

నీళ్లకి దాన్ని ఏమీ చేసే శక్తి లేదు. పులుపుకి ఉంది. పులుపు దూలాలను ఊడగొడుతుంది, కోబాల్ట్ బయటపడుతుంది. ఈ సంగతి మాకు మొదటి నుంచీ తెలుసు. స్పాంజిలతో మీకిచ్చిన సూచనల కాగితంలో రాయబోతే సారు ఆ వరుస తీయించారు. "పాయ పుల్లగా ఉండదు కదమ్మా, ఊరికే జనాన్ని బెదరగొడితే ఎవరూ ముట్టుకోరు" అన్నారు. నీకు రాశాను, మళ్లీ నేనే కొట్టేశాను. ఉద్యోగం గురించి భయపడ్డాను. సారు మీద నెట్టడం లేదు. కలం నా చేతిలో ఉంది.

గానుగ గుంట మర్చిపోతానా? మగ్గిన గెలల పులిసిన వాసన, అదే ఆ పదకొండు స్పాంజిల్లో నాకు ఇల్లు గుర్తు తెచ్చింది. వేడి, పులుపు, రెండూ కలిసిన గుంట. ఆ వంకాయ రంగు ఎక్కడికి పోయిందనుకున్నావు? నూనెలోకి. ఎర్రదనంలో కనపడదు, కంపు మాత్రం దానిదే. అమ్మ సీసాలో నూనెకు పరీక్ష చేశాను, కోబాల్ట్ ఉంది. రెండోసారి చేశాను. మూడోసారీ అదే.

కోబాల్ట్ గుండె కండరాన్ని దెబ్బతీస్తుంది. కాళ్ల వాపు, ఆయాసం. నువ్వు వయసు అని రాశావు.

నేను నెల రోజులుగా ఆ నూనే తింటున్నాను. లెయిరా నా పాలు తాగుతోంది. మమ్మల్నిద్దరినీ నిన్నటి నుంచి ఇక్కడ ఉంచారు. దాని ఛాతీకి చిన్న చిన్న తీగలు అంటించారు. ఏమీ చెప్పడం లేదు, చూస్తున్నాం అంటున్నారు. పాలు ఆపించారు. అది నా వైపు చూసి ఏడుస్తోంది.

అమ్మని తీసుకురా. నూనె ఎవరూ తినొద్దు. ఆ మూడు ఊళ్లకీ వెళ్లు. నీ భాషలో చెప్పకు, మామూలుగా చెప్పు.

నెకా


కెగ్వారా,
ఏప్రిల్ 17

అక్కా,

చెప్పాను. మామూలుగానే చెప్పాను. బల్ల ఎక్కలేదు. గుంట ఒడ్డున నిలబడి, "ఆపండి, ఇందులో విషం ఉంది, స్పాంజిలు వెనక్కి ఇచ్చేయండి" అన్నాను.

న్విబారి పెద్దమ్మ నా కరపత్రం చదవడం మొదలుపెట్టింది. ఆవిడకి చదువు రాదు. కంఠతా పట్టింది. "రేపు ఎవడైనా వచ్చి ఇది ప్రమాదం, వెనక్కి ఇచ్చేయండి అంటే..." అక్కడ ఆగి నా వైపు చూసింది. మిగతాది ఆడవాళ్లందరూ ఒక్క గొంతుతో చెప్పారు. "వాడు ఎంతటివాడైనా సరే, అమ్ముడుపోయినవాడని తెలుసుకోండి!" పాటలాగా చెప్పారు. నేనే నేర్పాను.

"ఎంతకి అమ్ముడుపోయావురా?" అంది ఒకామె. "మా నడుం కాస్త నిలబడేసరికి కంపెనీకి కన్ను కుట్టిందా?"

"నెకా అక్క రాసింది, ఆసుపత్రి నుంచి" అన్నాను.

"పట్నంలో జీతం తినేది వాళ్ల మాట కాక మన మాట రాస్తుందా?" ఇదీ నేను అన్నదే. పోయినేడు, వేరే ఎవరినో.

అమ్మ లేచి, గరిటెతో గుంటలో నూనె తీసి, అందరూ చూస్తుండగా నాకింది. ఇంటికి వచ్చాక కాళ్లు పట్టుకున్నాను. "అమ్మా, నీకు కూడా నేను అమ్ముడుపోయానా?"

"లేదు" అంది. "నువ్వు మొండివాడివి, నిన్నెవరు కొంటారు? కానీ నువ్వు చెప్పేది అబద్ధమై తీరాలిరా. నిజమైతే ఆ పసిదానికి సీసాల కొద్దీ పోసింది నేను. అది నేను ఒప్పుకోను."

ఎన్ని పుస్తకాలు చదివాను అక్కా, ఇలాంటి మాట ఒక్కదాంట్లోనూ లేదు.

ఏం చేయాలో తోచక నీ ఉత్తరాలన్నీ అమ్మ ఒళ్లో పడేశాను. చదవలేదు, ఊరికే తడిమింది. ఫిబ్రవరి ఉత్తరం దగ్గర వేలు ఆగింది. నువ్వు కొట్టేసిన వరుస. కాగితం చిరిగి గాడి పడింది కదా, దాని వెంట వేలు అటూ ఇటూ నడిపింది.

"ఇదేంటి?"

"కొట్టేసింది."

"ఇంత గట్టిగానా? నా కూతురు చిన్నప్పుడు పలక మీద తప్పు రాసినా తడిగుడ్డతో మెల్లగా తుడిచేది. ఇలా గీకిందంటే..." అంది. ఆ వేలు అక్కడే పెట్టుకుని కూర్చుంది. "ఇక్కడున్న మాటేనా నువ్వు ఒడ్డున చెప్పింది?"

"అదే."

"అంటే అప్పుడే తెలుసు దానికి."

"తెలుసు."

అమ్మ లేచింది. నన్ను పట్టుకోనివ్వలేదు. గానుగ దాకా నడిచింది, నాలుగుసార్లు ఆగింది. న్విబారి పెద్దమ్మ చేతిలో స్పాంజి లాక్కుని పొయ్యిలో వేసింది. ఒక్కటే మాట అంది: "నిజమేనే." అందరూ ఆపేశారు. నా ఉపన్యాసాలన్నిటికీ కలిపి అంత బలం లేదు. తరవాత అక్కడే మట్టిలో కూలబడింది.

రేపు పొద్దున ఫ్రైడే వ్యానులో తెస్తున్నాను. పాప సంగతి రాయి. మంచి చెడ్డ ఏదైనా సరే, కొట్టేయకుండా రాయి.

డుమ్లే


బోరి, వ్యాన్ల అడ్డా,
ఏప్రిల్ 18

అక్కా,

ఈ చీటీ అమ్మ చేతికిచ్చి పంపుతున్నాను. ఆమె ముందు సీట్లో ఉంది. పడుకోబెట్టకుండా దిండ్లు ఆనించి కూర్చోబెట్టాను, పడుకుంటే ఊపిరి అందడం లేదు. ఫ్రైడే ఎక్కడా ఆపడు. ఆసుపత్రి గేటు దగ్గర నువ్వో బావో ఉండండి. నేను రావడం లేదు, ఇక్కడ నేను ఆపాల్సింది ఉంది. ఎందుకో చెబుతాను.

వ్యానుకి టైరు మారుస్తుంటే సంతలోకి అమ్మకి నీళ్లు తేవడానికి వెళ్లాను. నూనె వరుస నిండుగా ఉంది. ఆ మూడు ఊళ్ల నూనె. స్పాంజితో తీసిన నూనె ఎక్కువ వచ్చింది కదా, ఇక్కడిదాకా వచ్చింది. ఒక్కో డబ్బాకీ నా కరపత్రం అంటించి ఉంది. దీనికి దొర అక్కర్లేదు. మన బిడ్డలు మన మట్టి మీద చేసినది. కింద అచ్చులో నా పేరు.

ఒక డబ్బా మీది కాగితం చింపాను. రెండోది చింపుతుంటే అమ్ముకునే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. మంచి మనిషి, అమ్మ వయసు ఉంటుంది. నేనెవరో తెలియదు.

"చింపకు నాయనా" అంది. "ఆ కాగితం చూసే కొంటున్నారు. పొద్దుటి నుంచి నలభై డబ్బాలు పోయాయి."

"ఎవరు కొన్నారు?" అని అడిగాను.

ఆవిడ సంతంతా చూపిస్తూ చెయ్యి ఊపింది.

డుమ్లే